రెండు సీట్ల విమానం

కోరుట్ల,
జూలై, 2024

ప్రియమైన శ్యాంకు,

నేను విశ్వజిత్‌ను. నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "ఆ? ఏంది?" అని సిరిసిల్ల సగానికి వినబడేలా అరిచి పెట్టేస్తావు. ఇన్నేళ్ళ మీ సాంచెల మోత, ఆ మరమగ్గాల మోత, నీ చెవులు తినేసింది కాబట్టి నాకు మళ్ళీ ఉత్తరాలు రాసే యోగం పట్టింది. పోనీ వాట్సాప్‌లో రాద్దామంటే అన్నిటికీ ఒక బొటనవేలు పంపి ఊరుకుంటావు. జగిత్యాల హాస్టల్లో ఒకే ట్రంకుపెట్టెలో బట్టలు పెట్టుకుని చదువుకున్నవాళ్ళం. నాకు బొటనవేలు చాలదురా.

విమానం వచ్చింది. నవ్వకు. రెండు సీట్లది, ముందు ఒక ఫ్యాను, చూస్తే పెద్ద తూనీగలాగా ఉంటుంది. నాతో కలిపి నలుగురం భాగస్తులం. గోదావరి అవతల ఒక పాత ఫ్యాక్టరీ వాళ్ళ రన్‌వే ఖాళీగా పడి ఉంటే అక్కడ పెట్టుకున్నాం. లైసెన్సు వచ్చి ఇన్నాళ్ళయినా అద్దె విమానాలే నడిపాను, ఇది మాత్రం సొంతం. మా రమాదేవి నాతో మాట్లాడటం మానేసి పనిమనిషితో మాట్లాడుతోంది, నాకు వినబడేలా: "పసుపు అమ్మిన పైసలన్నీ గాలికి పోసిండు మీ సారు."

ఇప్పుడు అసలు సంగతి. సరదాకు నడిపే మాలాంటి వాళ్ళు ఎక్కువగా పోయేది తుఫాన్లలో కాదు, సొంత బద్ధకం వల్ల. అందుకే సామాను విషయంలో నేను పిసినారితనం చూపించలేదు. ఇంజన్ పొగ లోపలికొస్తే కూతపెట్టే డబ్బా బిగించాం. ఎక్కడైనా పడితే ఆ చోటు ఉపగ్రహానికి చెప్పే పెట్టె ఉంది. భుజాల మీదుగా వచ్చే బెల్టులు కొత్తవి. ఇంకొక్కటే మిగిలింది, రెండింటిలో ఏదన్న దగ్గరే ఆగాం.

ఒకటి పారాచూట్. మనిషికి కాదు, విమానానికే. పిడి లాగితే విమానం మొత్తం గొడుగు కింద వేలాడుతూ దిగుతుంది. అయితే అది విప్పుకోవడానికి తగినంత ఎత్తు ఉండాలి. రెండోది, వేగం తగ్గి రెక్క గాలి మీద పట్టు వదలబోతుంటే ముందుగానే చెవిలో అరిచే పరికరం. నేల దగ్గర ఇదే అక్కరకొస్తుందని నాకు నేర్పిన గురువుగారు అంటారు. ఈ ఏడాదికి రెండింటిలో ఒకటే పెట్టగలం. భాగస్తుల్లో ఒకడు అటు, ఒకడు ఇటు, మూడోవాడు ఏదైనా సరే అన్నాడు. నా మాట మీద తేలాలి.

మన భాగ్యశ్రీని ఎక్కిస్తానని మాట ఇచ్చాను కదా. ఆ రెండో సీటు నీ బిడ్డది. అందుకే నిన్ను అడుగుతున్నా. నువ్వేది చెబితే అది.

మీ అమ్మకు, మన అవ్వకు దండాలు చెప్పు.

నీ,
విశ్వం


సిరిసిల్ల,
ఆగస్టు, 2024

ప్రియమైన విశ్వానికి,

పొలానికి మోటారు సైకిల్ మీద పోవడానికే బద్ధకించేవాడివి, విమానం కొన్నావా! మీ తాతల కాలంలో గుర్రం, మీ నాన్న కాలంలో జీపు, ఇప్పుడిది. మీ ఇంట్లో నేల మీద నడిచినవాడు ఒక్కడూ లేడు.

ఈ వార్త చెబితే మా అవ్వ ఏమందో విను. "మనుషులు తిరుగుతందుకు భూమి సాల్తలేదా?" అంది. అని, వెంటనే "పిలగాడు మంచిగున్నడా? సన్నగైండా?" అని అడిగింది. నువ్వు ఎంత దొర కొడుకువైనా శంకరవ్వకు మాత్రం ఇంకా పిలగాడివే.

భాగ్య సంగతి నీకు తెలియనిది కాదు. తల్లి పోయిన పిల్ల. అవ్వే పెంచింది. డిగ్రీ అయిపోయింది, ఎవరో ఒకరు సంబంధం అంటారు, అది వినదు. సాంచెల షెడ్డు గోడ నిండా విమానాల బొమ్మలు అంటించింది. దుమ్ము పడితే తుడుస్తుంది, నూలు పడితే ఏరుతుంది. పైలట్ కోర్సుకు ఏవో స్కాలర్‌షిప్పులున్నాయట. "బాపూ, ముందుగాల విశ్వజిత్ మామ పక్కపొంటి కూసుంట. భయమైతే మళ్ళ ఆ మాట ఎత్తనే ఎత్త. భయం కాకుంటే నువ్వు అడ్డం రావద్దు" అని నాతో ఒప్పందం చేసుకుంది. భయమవ్వాలని నేను రోజూ దేవుడికి మొక్కుతున్నాను. దానికి చెప్పకు.

నువ్వు అడిగిన దానికి జవాబు: పారాచూట్ పెట్టించు. చెవిలో అరిచే పరికరం నాకెందుకురా, నాకు వినబడదు! నిజంగానే చెబుతున్నా, ఆ మాటలేవో నాకు అర్థం కాలేదు. గుడ్డంటే అర్థమవుతుంది. చిన్నప్పటి నుంచీ దాని మీదే బతుకుతున్నా. అది ఎంత బరువు ఆపుతుందో, ఎక్కడ పిగులుతుందో చేత్తో పట్టి చెప్పగలను. మనిషి పైనుంచి పడుతుంటే గుడ్డ పట్టుకుంటుందని తలుచుకుంటే రాత్రి నిద్ర పడుతుంది. గురువుగారి మాట కాదంటున్నానని కోపం తెచ్చుకోకు.

ఒక్క కూతురు. అంతకంటే ఏం రాయను.

నీ,
శ్యాం


కోరుట్ల,
నవంబర్, 2024

ప్రియమైన శ్యాంకు,

నీ మాటే నెగ్గింది. పారాచూట్ బిగించారు. సీట్ల వెనక పెట్టెలో మడిచి పెట్టారు, పిడి ఇద్దరికీ అందేలా మధ్యలో ఉంది. గురువుగారు మూతి ముడుచుకున్నారు, కానీ భాగ్య కోసమని చెబితే ఊరుకున్నారు. ఆ రెండో పరికరం వచ్చే ఏడాది.

పోయిన వారం భాగ్య మా ఇంటికి వచ్చి వెళ్ళింది కదా, ఆ సంగతులు నీకు చెప్పి ఉండదు. నేను విమానం లోపలి ఫోటోలు చూపిస్తే మొత్తం గీసుకుంది. మరునాడు పొద్దున్న మా వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, గాలిలో చెయ్యి పెట్టి ఏది ఎక్కడుందో చెబుతోంది. ఇది ఎత్తు, ఇది వేగం, ఇది పారాచూట్ పిడి. ఒక్కటీ తప్పలేదు. మా రమాదేవి కూడా పనిమనిషిని వదిలేసి నాతో అంది: "గీ పోరికి నేర్పుండ్రి. మీకంటే మంచిగ నడుపుతది."

నువ్వు పంపిన ఎర్ర పాలిస్టర్ ముక్కతో మా మెకానిక్ రమణ తొడుగులు కుట్టించాడు. రెక్క కింద వేలెడంత గొట్టం ఒకటి ఉంటుంది. ఎదురుగాలి అందులో దూరితేనే వేగం చూపే ముల్లు కదులుతుంది. కుమ్మరి పురుగులకు అదంటే మహా ఇష్టం, మట్టి తెచ్చి గూడు కడతాయి. అందుకే దిగగానే తొడుగు వేసి, ఎక్కేముందు తీస్తాం. సిరిసిల్ల గుడ్డ మా విమానానికి కూడా ఎక్కిందని రమణ అందరికీ చెబుతున్నాడు.

చలి మంచు తగ్గాక, జనవరి చివర్లో ఒక ఆదివారం పెట్టుకుందాం. నువ్వు కూడా రావాలి. కింద నిలబడి మొక్కుకుందువు గానీ.

నీ,
విశ్వం


సిరిసిల్ల,
జనవరి, 2025

ప్రియమైన విశ్వానికి,

నాకు రావడం పడదు. ఆర్డర్ గుడ్డ ఆ సోమవారమే పోవాలి, పనివాళ్ళు సగం మంది రావడం లేదు. నిజం చెప్పాలంటే ఆర్డర్ ఒక వంక. అది పైకి లేస్తుంటే చూసే గుండె నాకు లేదు. దిగాక ఒక ఫోటో పంపు, చాలు. ఈసారికి బొటనవేలు నువ్వు పంపినా ఏమనుకోను.

నా బదులు అవ్వ వస్తోంది. ఎవరు వద్దన్నా ఆగేలా లేదు. "కొత్త బండి కొండగట్టు పోకుండ రోడ్డెక్కుతదా? గిదేమో గాలిలకే ఎక్కుతదట. బొట్టు లేని బండిల నా మనుమరాలిని ఎక్కియ్య" అంది. విమానాన్ని కొండగట్టుకు తేలేం కాబట్టి కొండగట్టునే దాని దగ్గరికి తెస్తోంది. మంగళవారం పోయి అంజన్న సిందూరం పట్టుకొచ్చింది. నూనె కలిపి చిన్న డబ్బాలో పెట్టుకుంది. నీకు చాదస్తంగా అనిపిస్తే అనిపించనీ, ముసలిదాని తృప్తి.

భాగ్య రెండు రోజుల నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. భయం కాదట, సంతోషమట. పోయేముందు కూడా దాన్ని ఒకసారి అడుగుతాను, భయమైతే ఆగిపో అని. ఆగదు. తెలుసు.

జాగ్రత్తరా. ఇంకేమీ రాయడం రావడం లేదు.

నీ,
శ్యాం


జగిత్యాల,
మార్చి, 2025

శ్యాంకు,

నేను జగిత్యాలలో మా అక్క ఇంట్లో ఉన్నాను. కాలికి కడ్డీలు వేసి పంపారు. భాగ్యను కడసారి మానేరు ఒడ్డుకు తీసుకెళ్ళిన రోజు నాకు స్పృహ లేదు. తర్వాత స్పృహ వచ్చి కూడా నీ దగ్గరికి రాలేదు. నీ గుమ్మం ముందు ఎట్లా నిలబడాలో నాకు తెలియలేదు.

ఏం జరిగిందో నీకు వేరేవాళ్ళు చెప్పకూడదు. నేల వదిలాక చూశాను, వేగం చూపే ముల్లు కదలడం లేదు. గొట్టం మూసుకుపోయింది. చుట్టు తిరిగి వెంటనే దిగిపోదామనుకున్నాను. మలుపు దగ్గర వేగం ఎంత తగ్గిందో తెలియలేదు. ఎడమ రెక్క పట్టు వదిలేసింది. పారాచూట్ పిడి లాగింది భాగ్యే. నేను చెప్పకముందే, నేర్చుకున్నట్టే, చెయ్యి సరిగ్గా దాని మీదికే పోయింది. అరవలేదు. గుడ్డ విప్పుకునేంత ఎత్తు అక్కడ లేదు శ్యాం.

గొట్టం మూసుకుపోవడానికి కారణం నేను. ముందు వారం దిగాక తొడుగు వేయలేదు. కుమ్మరి పురుగు మట్టి పెట్టింది. ఎక్కేముందు వంగి చూడాలి, చూడలేదు. బద్ధకం వల్ల పోతారని నీకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. విచారణ వాళ్ళకు కూడా తప్పంతా నాదేనని రాసిచ్చాను.

దీంట్లో ఇంకెవరి తప్పూ లేదు. పారాచూట్ అడిగింది నువ్వని ఎప్పుడూ మనసులో పెట్టుకోకు. అడిగింది నువ్వయినా తీసుకుపోయింది నేను.

క్షమించమని అడగను. అడగడానికి కూడా ఒక అర్హత ఉండాలి.

విశ్వజిత్


సిరిసిల్ల,
ఏప్రిల్, 2025

విశ్వజిత్ రావు గారికి,

మీ ఉత్తరం అందింది.

నా బిడ్డ పోయిన రోజు నుంచి మా అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు. ఒక్కటే మాట: "అంజన్న బొట్టు వెట్టిన గదా, నా బొట్టు ఎందుకు ఆపలే?" దేవుడికి తనేం తక్కువ చేసిందో లెక్కపెట్టుకుంటూ ఉండేది. ఇంక ఈమె కూడా పోతుందనుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక, బద్ధకంతో చూసుకోలేదని మీరే రాశారని ఆమెకు చదివి వినిపించాను. లేచి కూర్చుంది. "దొరోల్లకు ఆటలు గావాలె. ఆల్ల ఆటకు మన పోరి పానం గావాలె" అని మొదలుపెట్టి పొద్దుగూకేదాకా మిమ్మల్ని తిట్టింది. తిట్టి తిట్టి అలసిపోయి గిన్నెడు గటక జావ అడిగి తాగింది.

నేను ఆపలేదు. ఆమె అనేవన్నీ నేను కూడా అనుకుంటున్నాను. మీరు బతికి ఉండటం నాకు నచ్చలేదు. ఈ మాట రాసినందుకు నాకు సిగ్గుగా లేదు. ఒక్కసారి వంగి చూడటానికి నీకు నడుము నొప్పా? నా బిడ్డ పక్కన కూర్చుంది కదరా, దాని కోసమైనా వంగలేవా?

విచారణ వాళ్ళు హైదరాబాదు రమ్మన్నారు. పోతాను. మీరు మళ్ళీ జన్మలో విమానం ఎక్కకుండా చేయడానికి నాకు చేతనైనదంతా చేస్తాను.

శ్యాంసుందర్


జగిత్యాల,
ఏప్రిల్, 2025

శ్యాంకు,

పో. నీకు తోచిందంతా చెప్పు. నేను దేనికీ ఎదురు చెప్పను.

ఒక్క విన్నపం. అవ్వను మాత్రం వెంట తీసుకుపోకు. పెద్ద మనిషి, ఎండలు ముదిరాయి, ప్రయాణం పడదు. ఆమెను ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేదు, అడిగేవన్నీ నన్ను అడిగారు.

ఆమె గటక తాగిందని రాశావు. ఆ వాక్యం చాలాసార్లు చదువుకున్నాను.

విశ్వజిత్


సిరిసిల్ల,
జూన్, 2025

ఒరేయ్ విశ్వం,

హైదరాబాదు పోయి వచ్చాను. నాకు వినబడదని ఆ ఆఫీసరు ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి చూపించాడు, మంచి మనిషి. గొట్టం ఫోటో నా ముందు పెట్టాడు. కోసి తీసిన ఫోటో. లోపల మట్టి లేదు. ఎర్రగా, జిడ్డుగా ఉంది. మట్టి ఏదని అడిగాను. నూనెలో కలిపిన సిందూరం అని రాశాడు.

రమణ ఆ రోజు తన ఫోన్‌లో తీసిన వీడియో కూడా ఆఫీసరు చూపించాడు. విశ్వం, అందులో నా బిడ్డ నడుస్తోంది. నవ్వుతోంది. మొదటిసారి అదొక్కటే చూశాను, మిగతాది నాకు కనబడలేదు. మళ్ళీ పెట్టమన్నాను.

అవ్వ ఫ్యానుకు బొట్టు పెట్టింది, చక్రాలకు పెట్టింది. ఆ గొట్టాన్ని ముక్కు అనుకుందో ఏమో, ప్రేమగా వేలు నిండా తీసుకుని లోపలిదాకా అద్దింది. నువ్వు గబగబా వచ్చి జేబులోంచి రుమాలు తీశావు. అవ్వ నీ మణికట్టు పట్టుకుంది. ఏమందో ఆఫీసరుకు వినబడలేదట, గాలి మోత. నాకు మోతతో పనేముంది? సాంచెల మధ్య మేం మాట్లాడుకునేది పెదవులతోనే. నా తల్లి పెదవులు నేను చదవలేనా? "తుడువకు కొడుకా. శాలోల్ల ముసల్ది వెట్టిందని తుడుస్తవా?" అంది. సాలెవాళ్ళమన్న మాట వేళాకోళానికే అంది, నవ్వుతూనే అంది. నువ్వు ఆగిపోయావు. రుమాలు జేబులో పెట్టుకుని, వంగి ఆమె కాళ్ళు మొక్కావు.

ఇంకెవడైనా అయితే తుడిచేవాడు. పక్కకు పోమ్మా అనేవాడు. నువ్వు అనలేవు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కుర్చీ వేస్తే కూర్చోకుండా మాతో పాటు కింద కూర్చుని అవ్వ చేతి ముద్ద తిన్నావు. దొర కొడుకునని ఆమెకు ఎక్కడ గుర్తొస్తుందోనని నలభై ఏళ్ళుగా మా గడపలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచావు. ఆ రోజు కూడా అట్లనే నడిచావు.

కానీ తుడవాల్సిందిరా. ఆ గొట్టం సంగతి నీకు తెలుసు, ఆమెకు తెలియదు. అవ్వ నొచ్చుకునేది, రెండు రోజులు అలిగేది, అంతే కదా. ఈ మాట అనకుండా ఉండలేను. ఇది నేను చచ్చేదాకా ఉంటుంది.

పురుగు మీదా బద్ధకం మీదా ఎందుకు పెట్టావో అర్థమైంది. మా అవ్వ గోడ వైపు తిరిగి పడుకుందని ఎవరో నీకు చెప్పి ఉంటారు. ఆమెకు తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలని నీకు తట్టింది, నువ్వే ఆ మనిషివయ్యావు. నేను కూడా నిన్ను తిట్టి బతికాను ఈ రెండు నెలలు. నాకు ఆ ఆసరా కూడా పోయింది. ఇప్పుడు ఎవరి మీద కోపం పెట్టుకోను? పొద్దున్నే నాకు చాయ తెచ్చిచ్చే చేతి మీదనా?

గొట్టంలో అడ్డం ఉంది, పైలట్ చూసుకోలేదు అని రాసి ముగిస్తామన్నాడు ఆఫీసరు. అది ఎట్లా వచ్చిందో రాయాలా అని నన్ను అడిగాడు. అక్కర్లేదన్నాను. పైలట్ నిర్లక్ష్యమే నా బిడ్డను చంపిందని సంతకం పెట్టి వచ్చాను. నీ లైసెన్సు పోతుంది. కేసు కూడా అవుతుందేమో. నువ్వు ఏ మాట మీద నిలబడ్డావో నేను కూడా దాని మీదే నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "ఏమన్నరు?" అని పెదవులు కదిపింది. మట్టేనన్నాను. "నేను జెప్పలే?" అని లేచి, నాకు అన్నం పెట్టింది. తను కూడా తిన్నది.

క్షమించానని రాద్దామనే కూర్చున్నాను. రాస్తే ఎట్లా? నిన్ను ఇంట్లోకి రానిస్తే ఎందుకు రానిచ్చావని అవ్వ అడుగుతుంది. దానికి నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది, అది ఆమె చెవిన పడకూడదు. కాబట్టి నువ్వు నాకు జవాబు రాయకు. నీ పేరున్న కవరు మా ఇంటికి రాకూడదు. జగిత్యాల బస్టాండులోనో, ఏ పెళ్ళిలోనో ఎదురుపడితే మొహం తిప్పుకుంటాను. పక్కన అవ్వ ఉంటే నోటికొచ్చినట్టు తిడతాను కూడా. నువ్వు తల వంచుకుని వెళ్ళిపో. నీ మీద నాకు కోపం లేదని నీకు ఇంకెప్పుడూ ఎవరూ చెప్పరు. ఈ కాగితం చదివి చింపేయి.

అవ్వ ఉన్నన్నాళ్ళు ఇంతే. ఆమె పోయాక కలుద్దామని ఇక్కడ ఒక వాక్యం రాసి, కొట్టేశాను. ఆ వాక్యం ఉంటే రేపటి నుంచి నేను నా తల్లి చావు కోసం ఎదురుచూస్తాను.

శ్యాం